నట్సా, కూరగాయలా? పోషకాలను సరైన కొలతతో పోల్చుకోవడం ఎలా

"పాలకూర కంటే బాదంపప్పులో క్యాల్షియం రెండున్నర రెట్లు ఎక్కువ" అంటారొకరు. "కాదు, పాలకూరలోనే తొమ్మిది రెట్లు ఎక్కువ" అంటారు ఇంకొకరు. మూడో మనిషి వచ్చి రెండూ దాదాపు సమానమేనంటాడు. నాలుగో మనిషి "ఒంటికి పట్టేది చూస్తే బాదమే నాలుగు రెట్లు" అని తేల్చేస్తాడు.

విచిత్రం ఏమిటంటే నలుగురూ నిజమే చెబుతున్నారు. మొదటివారు వంద గ్రాములకు వంద గ్రాములు పోల్చారు. రెండోవారు వంద క్యాలరీలకు లెక్క కట్టారు. మూడో మనిషి మనం ఒక పూటలో తినేంత మోతాదును తీసుకున్నాడు. నాలుగో ఆయన ఇంకో అడుగు వేసి, కడుపులోకి వెళ్లినదాంట్లో రక్తంలోకి చేరేది ఎంతో చూశాడు.

అందుకే నట్స్, కూరగాయల పోలికల్లో గొడవంతా అంకెల దగ్గర ఉండదు, కొలత దగ్గర ఉంటుంది. ఏ కొలతతో చూస్తున్నారో చెప్పకుండా "ఇందులో ఎక్కువ, అందులో తక్కువ" అంటే ఆ మాటకు అర్థం లేదు. ఈ పోలికను ఇంట్లో కూర్చుని, ఒక కాగితం, ఫోన్‌లోని క్యాలిక్యులేటర్, వీలైతే ఒక చిన్న వంటింటి తూకం పెట్టుకుని మీరే చేసుకోవచ్చు. బాదం, పాలకూర జంటను చివరిదాకా వెంట తీసుకెళ్తాను. పద్ధతి పట్టుబడితే మీకు కావాల్సిన జంటకు మీరే వేసుకోగలరు.

మొదటి మెట్టు: ఎందుకు పోలుస్తున్నారో రాసుకోండి

"ఏది మంచిది?" అనేది ప్రశ్న కాదు. దానికి జవాబు ఉండదు. బరువు తగ్గాలనుకుంటున్నారా? తిండిలో ప్రోటీన్ తక్కువైందా? రక్తపరీక్షలో ఇనుము తక్కువుందని తేలిందా? సాయంత్రం ఆకలేసినప్పుడు ఏదో ఒకటి నోట్లో వేసుకునే అలవాటును మార్చుకోవాలా? కారణం ఒక్క వాక్యంలో రాయండి. దాని కింద ఆ కారణానికి పనికొచ్చే పోషకాలు మూడో నాలుగో రాయండి, అంతకు మించి వద్దు. ముప్పై వరుసల పట్టిక ముందేసుకుంటే ఎటు నెగ్గించాలనుకుంటే అటు నెగ్గించే అంకె ఒకటి దొరికి తీరుతుంది.

రెండో మెట్టు: గుంపును గుంపుతో పోల్చకండి

"నట్స్" అన్నది ఒక్క వస్తువు కాదు, "కూరగాయలు" అసలే కాదు. కీర దోసకాయలో 95 శాతం నీళ్లే, వంద గ్రాములకు 15 క్యాలరీలు. బంగాళదుంపలో అదే వందకు 77. వంద గ్రాముల ఎర్ర క్యాప్సికంలో విటమిన్ సి సుమారు 128 మిల్లీగ్రాములుంటే, టమాటాలో 14 దగ్గర ఆగిపోతుంది. క్యారెట్‌ది విటమిన్ ఎ, బ్రోకలీది విటమిన్ సి. దేని బలం దానిది.

నట్స్‌లోనూ ఇదే తంతు. బాదంలో వంద గ్రాములకు 12.5 గ్రాముల పీచు ఉంటే జీడిపప్పులో 3.3 మాత్రమే. కానీ ఇనుము దగ్గర జీడిపప్పుదే పైచేయి: 6.7 మిల్లీగ్రాములు, బాదంలో 3.7. వాల్‌నట్స్‌లో మొక్కల నుంచి వచ్చే ఒమేగా-3 కొవ్వు వంద గ్రాములకు 9 గ్రాముల దాకా ఉంటుంది. బాదంలో అది లేనట్టే లెక్క. బ్రెజిల్ నట్ సంగతి మరీ వింత. పెద్దవాళ్లకు రోజుకు 55 మైక్రోగ్రాముల సెలీనియం అనే ఖనిజం చాలు. ఒక్క బ్రెజిల్ నట్‌లోనే తొంభై దాటి ఉండొచ్చు. రోజూ గుప్పెడు తింటే అది పోషణ కాదు, విషమే.

మాటల్లో ఎండుద్రాక్ష, ఖర్జూరం, బాదం అన్నిటినీ కలిపి డ్రై ఫ్రూట్స్ అనేస్తాం. పోలికకు కూర్చున్నప్పుడు వాటిని విడదీయండి. ఎండుద్రాక్షలో ఉన్నది ముఖ్యంగా చక్కెర, బాదంలో ముఖ్యంగా కొవ్వు. వేరుశనగ కూడా వృక్షశాస్త్రం ప్రకారం చిక్కుడు, బఠానీల కుటుంబానిదే. అయినా పోషకాల తీరు నట్స్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి దాన్ని ఇటు చేర్చుకుంటే తప్పేం లేదు.

కాబట్టి కాగితం మీద ఒక నట్ పేరు, ఒక కూరగాయ పేరు రాయండి. ఆ జంట తేలాకే ఇంకో జంట.

మూడో మెట్టు: అంకెలు ఒకే చోట నుంచి, ఒకే స్థితిలో తీసుకోండి

అమెరికా వ్యవసాయ శాఖ నడిపే ఫుడ్‌డేటా సెంట్రల్‌లో దాదాపు ప్రతి పదార్థానికీ వంద గ్రాముల లెక్కలు ఉచితంగా దొరుకుతాయి. ఈ వ్యాసంలోని పోషకాల అంకెలు కూడా అక్కడివే. మీ దేశంలో అలాంటి పట్టిక ఉంటే అదీ వాడుకోవచ్చు. ఎటొచ్చీ బాదం అంకె ఒకచోట, పాలకూర అంకె ఇంకోచోట తీసుకోకండి.

ఇక్కడ ఎక్కువమంది పడే గుంట ఒకటుంది. పచ్చి పాలకూరలో వంద గ్రాములకు 2.7 మిల్లీగ్రాముల ఇనుము. ఉడికించిన పాలకూరలో 3.6. చూడగానే "ఉడికిస్తే ఇనుము పెరిగింది" అనిపిస్తుంది. పెరగలేదు. ఒకసారి మూడు వందల గ్రాముల ఆకు గిన్నెలో వేసి మూత పెట్టి చూడండి. గిన్నె నిండా పొంగి ఉన్న ఆకు నాలుగైదు నిమిషాల్లో అడుగున ముద్దలా కూర్చుంటుంది, కప్పుకు కాస్త అటూ ఇటూగా. ఆకు కుంగి దగ్గరపడింది కాబట్టి వంద గ్రాముల ముద్దలో ఎక్కువ ఆకు పట్టింది, అంతే. విటమిన్ సి మాత్రం అదే వంద గ్రాములకు 28 నుంచి 10 మిల్లీగ్రాములకు పడిపోయింది. వేడికి కొంత పోయింది, నీళ్లలోకి కొంత దిగిపోయింది. అందుకని పచ్చివాటిని పచ్చివాటితోనే చూడండి. ఉడికించినవి కావాలంటే పట్టికలో ఉడికించిన వరుసే వెతకండి.

నట్స్‌కు వస్తే ప్యాకెట్ వెనక చూడాల్సింది ఉప్పు. లేబుల్ మీద సోడియం అని ఉంటే దాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు చాలంటోంది. తేనె పూసినవి, చక్కెర పాకం పట్టినవి ఈ పోలికలోకే రావు. వాటిని మిఠాయిల లెక్కలో రాసుకోండి.

నాలుగో మెట్టు: నీళ్లను లెక్కలోకి తీసుకోండి

వంద గ్రాముల పచ్చి పాలకూరలో 91 గ్రాములు నీళ్లు. వంద గ్రాముల బాదంలో నీళ్లు 4 గ్రాములే. అంటే వంద గ్రాముల పోలికలో మనం 96 గ్రాముల ఆహారాన్ని 9 గ్రాముల ఆహారంతో పోటీకి దింపుతున్నాం. బాదం నెగ్గకపోతేనే ఆశ్చర్యపోవాలి.

నీళ్లు తీసేసి చూస్తే బొమ్మ తిరగబడుతుంది. పాలకూరలోని ఆ 9 గ్రాముల్లో దాదాపు 3 గ్రాములు ప్రోటీన్, అంటే మూడో వంతు. బాదంలో 96కు 21, అంటే అయిదో వంతు పైచిలుకు. పాలకూర నీరసమైన తిండి కాదు, నీళ్లు కలిసిన తిండి. అలాగని ఆ నీళ్లు దండగ కూడా కాదు. కడుపు నిండిన భావన వచ్చేది చాలావరకు వాటివల్లే.

అయిదో మెట్టు: వంద క్యాలరీలకు మార్చండి

లెక్క తేలిక. పట్టికలోని పోషకాన్ని వంద గ్రాముల్లో ఉన్న క్యాలరీలతో భాగించి, వందతో గుణించండి. బాదం క్యాల్షియం: 269ని 579తో భాగించి వందతో గుణిస్తే 46. పాలకూర: 99ని 23తో భాగించి వందతో గుణిస్తే 430.

ఆరో మెట్టులో చెప్పబోయే మోతాదు కొలతనూ కలిపి మూడు కొలతలు పక్కపక్కన పెడితే ఇలా వస్తుంది. ప్రతి గడిలో మొదటి అంకె బాదంది, రెండోది పచ్చి పాలకూరది.

| పోషకం | 100 గ్రాములకు | 100 క్యాలరీలకు | మోతాదుకు (బాదం 28 గ్రా., పాలకూర 80 గ్రా.) |
|---|---|---|---|
| క్యాలరీలు | 579 / 23 | 100 / 100 | 162 / 18 |
| ప్రోటీన్ (గ్రా.) | 21.2 / 2.9 | 3.7 / 12.4 | 5.9 / 2.3 |
| పీచు (గ్రా.) | 12.5 / 2.2 | 2.2 / 9.6 | 3.5 / 1.8 |
| క్యాల్షియం (మి.గ్రా.) | 269 / 99 | 46 / 430 | 75 / 79 |
| ఇనుము (మి.గ్రా.) | 3.7 / 2.7 | 0.6 / 11.8 | 1.0 / 2.2 |
| మెగ్నీషియం (మి.గ్రా.) | 270 / 79 | 47 / 343 | 76 / 63 |
| విటమిన్ ఇ (మి.గ్రా.) | 25.6 / 2.0 | 4.4 / 8.8 | 7.2 / 1.6 |
| విటమిన్ సి (మి.గ్రా.) | 0 / 28 | 0 / 122 | 0 / 22 |

మధ్య గడులు చూడండి. బాదానికి పేరు తెచ్చిందే విటమిన్ ఇ. క్యాలరీకి క్యాలరీ లెక్కలో అక్కడా పాలకూరే ముందుంది. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్లీ వేశాను. తప్పు లేదు.

కానీ ఈ కొలతను మరీ నెత్తికెక్కించుకోకండి. వంద క్యాలరీల బాదం అంటే పద్నాలుగు గింజలు, అరచేతిలో పడతాయి. వంద క్యాలరీల పచ్చి పాలకూర 435 గ్రాములు. ఒక పూటలో అంత ఆకు నమిలే మనిషిని నేనింకా చూడలేదు. బరువు తగ్గాలనుకునేవారికి ఈ కొలత బాగా పనికొస్తుంది. తిండి చాలక చిక్కిపోతున్న మనిషికి, నాలుగు ముద్దలకే చాలనే పెద్దవయసువారికి ఇదే కొలత తప్పుదోవ పట్టిస్తుంది. వాళ్లకు కావాల్సింది కొద్దిపాటి పరిమాణంలో ఎక్కువ శక్తి. అక్కడ నట్స్‌కు సాటి లేదు.

ఆరో మెట్టు: నిజంగా తినేది తూచి చూడండి

నట్స్‌కు మామూలుగా చెప్పే మోతాదు 28 నుంచి 30 గ్రాములు, బాదం అయితే ఇరవై మూడు గింజలు. కూరగాయకు 80 గ్రాములు అనుకుంటే రోజుకు అయిదుసార్లు తింటే 400 గ్రాములవుతుంది. పళ్లు, కూరగాయలు కలిపి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీసం కూడా అదే. బంగాళదుంప లాంటి దుంపలు ఆ లెక్కలోకి రావు.

పుస్తకంలో మోతాదు ఒకటి, చేతిలో మోతాదు ఇంకొకటి. నేను "గుప్పెడు" అనుకుని రోజూ తీసుకునే బాదాన్ని ఒకరోజు తూకంలో వేస్తే 46 గ్రాములు తేలింది. అంటే 162 క్యాలరీలు అనుకుంటూ 266 తింటున్నాను. కూరగాయల దగ్గర తప్పు దీనికి తలకిందులుగా జరిగింది. "సలాడ్ గిన్నెడు తిన్నాను" అనుకున్న రోజున ఆకు తూచితే ముప్పై గ్రాములు కూడా లేదు. ఆకులు గాలిని కలుపుకుని పెద్దగా కనిపిస్తాయి.

అందుకని మూడు రోజులపాటు, ఎక్కువా తక్కువా చేయకుండా, మామూలుగా తినేంతే తీసుకుని తూచి రాయండి. ఆ సగటే మీ మోతాదు. పట్టికలో నా 28, 80ల చోట మీ అంకెలు వేసుకోండి. తూకం లేకపోతే బాదం, జీడిపప్పు లెక్కపెట్టుకోవచ్చు. ఒక్కో బాదం సుమారు 1.2 గ్రాములు.

ఏడో మెట్టు: ఒంటికి పట్టేది ఎంత?

అసలు సరదా ఇక్కడుంది. చాలా పోలికలు ఇక్కడిదాకా రానే రావు.

*క్యాల్షియం.* పాలకూరలో ఆక్సలేట్ అనే పదార్థం దండిగా ఉంటుంది. అది క్యాల్షియాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది. ఫలితంగా పాలకూర క్యాల్షియంలో మనకు అందేది 5 శాతం దగ్గర. పాలలోనైతే అది 25 శాతం పైనే. బాదంలోది సుమారు 20 శాతం. ఇప్పుడు పట్టికలోని 75, 79లను మళ్లీ చూడండి. 75లో 20 శాతం 15. 79లో 5 శాతం 4. సమానం అనుకున్నవి నాలుగు రెట్ల తేడాకు వచ్చాయి.

అయితే దీన్ని పట్టుకుని నట్స్ నెగ్గాయి అనేయకండి. పాలకూర బదులు బ్రోకలీ పెట్టండి. 80 గ్రాముల బ్రోకలీలో క్యాల్షియం 38 మిల్లీగ్రాములే, కానీ ఆక్సలేట్ చాలా తక్కువ కాబట్టి సగం పైనే ఒంటికి పడుతుంది, అంటే 20 దాకా. పట్టికలో సగం అంకె ఉన్న కూరగాయ రెండిటినీ దాటిపోయింది! రెండో మెట్టులో గుంపును గుంపుతో పోల్చవద్దన్నది ఇందుకే.

*ఇనుము.* నట్స్‌లో, కూరగాయల్లో ఉన్నది మాంసంలోని ఇనుమంత తేలిగ్గా ఒంటబట్టే రకం కాదు. నట్స్‌లోని ఫైటేట్లు అనే పదార్థాలు దాన్ని ఇంకా అడ్డుకుంటాయి. విటమిన్ సి ఆ అడ్డును కొంత తీస్తుంది. జీడిపప్పుతో పాటు అదే పూట పచ్చి క్యాప్సికం ముక్కలు నాలుగు తిన్నా, పైన నిమ్మరసం పిండుకున్నా తేడా ఉంటుంది. టీ, కాఫీలు దీనికి వ్యతిరేకం. వాటిని తిండికి గంట దూరం జరపండి.

*విటమిన్ ఎ.* క్యారెట్, పాలకూరల్లోని కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారేది ఇదే) కొవ్వులో కరుగుతుంది. కొవ్వు లేకుండా పచ్చి సలాడ్ తింటే అందులోది ఒంటికి అందేది నామమాత్రం. సలాడ్ మీద చల్లిన నట్స్ పలుకులు కూరగాయ పోషకాన్ని లోపలికి తీసుకెళ్తాయి. పోటీదారులనుకున్నవి ఇక్కడ ఒకదానికొకటి సాయం పడుతున్నాయి.

*క్యాలరీలు.* ఇది నట్స్‌కు ఊరటనిచ్చే సంగతి. ప్యాకెట్ల మీద క్యాలరీలు పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా శాస్త్రవేత్త విల్బర్ ఆట్‌వాటర్ తయారుచేసిన లెక్కతోనే ఇప్పటికీ వేస్తున్నారు: ప్రోటీన్, పిండిపదార్థం గ్రాముకు 4 చొప్పున, కొవ్వు గ్రాముకు 9. కానీ బాదంలో కొవ్వు గట్టి కణాల గోడల మధ్య ఉంటుంది. ఎంత నమిలినా కొన్ని కణాలు పగలవు, అందులోని కొవ్వు అలాగే బయటికి పోతుంది. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మనుషుల మీద కొలిచి చూస్తే 28 గ్రాముల బాదం నుంచి నిజంగా అందింది 129 క్యాలరీలు. ఆ పాత లెక్క 170 దాకా చూపిస్తుంది. మెత్తగా రుబ్బిన బాదం వెన్నలో ఈ తగ్గింపు ఉండదు. కణాల గోడలు పగలగొట్టే పని యంత్రం ముందే చేసేసింది మరి.

ఎనిమిదో మెట్టు: ఒకదాంట్లో అసలు లేనివాటికి గీత గీయండి

కొంచెం ఎక్కువ, కొంచెం తక్కువ అనే తేడాల కంటే సున్నాలు ముఖ్యం. బాదంలో విటమిన్ సి లేదు, విటమిన్ ఎ లేనట్టే. ఎన్ని కిలోలు తిన్నా ఆ లోటు తీరదు. పాలకూరలో కొవ్వు వందకు అర గ్రాము కూడా లేదు, కాబట్టి నట్స్‌లోని మేలైన కొవ్వులకు అది ప్రత్యామ్నాయం కాలేదు. ఇక విటమిన్ బి12 రెండిటిలోనూ లేదు. దానికోసం వీటిని పోల్చడమే దండగ.

తొమ్మిదో మెట్టు: దేని బదులు తింటారో చూసి తేల్చండి

ఇక కాగితాన్ని మొదటి మెట్టులో రాసుకున్న కారణం పక్కన పెట్టండి. ఇద్దరిని ఊహించుకుందాం.

ఒకావిడ బరువు తగ్గాలనుకుంటోంది, తిండి తగ్గిస్తే ఆకలి తీరక ఇబ్బంది పడుతోంది. ఆమెకు క్యాలరీల కొలత ముఖ్యం. కంచంలో కూరగాయల వాటా రెట్టింపు చేసి, నట్స్‌ను లెక్కపెట్టి పది పన్నెండు గింజలకు పరిమితం చేస్తే సరిపోతుంది. పూర్తిగా మానెయ్యాల్సిన పని లేదు.

ఇంకొకాయన రోజూ సాయంత్రం ఒక ప్యాకెట్ చిప్స్ తింటాడు. ఆయన్ను "బదులుగా క్యారెట్ తినండి" అంటే రెండు రోజులు తిని మళ్లీ చిప్స్‌కే వెళ్తాడు. నేనైతే ఉప్పు లేని వేయించిన నట్స్ 30 గ్రాములు పెట్టుకోమంటాను. క్యాలరీలు పెద్దగా తగ్గకపోవచ్చు, కానీ ప్రోటీన్, పీచు, మెగ్నీషియం కొత్తగా వచ్చి చేరతాయి, ఆకలీ ఆగుతుంది. చిప్స్ అలాగే తింటూ వాటిపైన నట్స్ కూడా తింటే మాత్రం అది మార్పు కాదు, అదనం.

నా మట్టుకు నేను ఎవరైనా తొందరలో అడిగితే కూరగాయలనే ముందు సరిచూసుకోమంటాను. రోజుకు 400 గ్రాములు చేరడమే చాలామందికి కష్టం. నట్స్ 30 గ్రాములు చేరడానికి ఒక డబ్బా, ఒక నిమిషం చాలు.

అంకెల కంటే ముందు చూసుకోవాల్సినవి

నట్స్ అలర్జీ ఉన్నవారికి ఈ పోలికే వర్తించదు. అయిదేళ్లలోపు పిల్లలకు గింజలు గింజలుగా పెట్టకండి, గొంతుకు అడ్డుపడతాయి. పొడిగానో వెన్నగానో ఇవ్వండి. వార్ఫరిన్ లాంటి రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు వాడేవారు పాలకూర లాంటి ఆకుకూరలను ఒక్కసారిగా పెంచడం గానీ మానేయడం గానీ చేయకూడదు. వాటిలోని విటమిన్ కె మందు పనిని మారుస్తుంది, డాక్టరుతో మాట్లాడి రోజూ ఒకే తీరుగా తినాలి. ఆక్సలేట్ రకం కిడ్నీ రాళ్లు వచ్చినవారు పాలకూర, బాదం రెండిటి విషయంలోనూ అడిగి తెలుసుకోవాలి. మూత్రపిండాల జబ్బుతో పొటాషియం తగ్గించమని చెప్పినవారిదీ అంతే.

నిల్వ సంగతి కూడా. పట్టికలోని అంకెలు తాజా వాటివి. ఆకుకూర ఫ్రిజ్‌లో రోజులు గడిచేకొద్దీ విటమిన్ సి కోల్పోతూ వస్తుంది, కొన్న రెండు మూడు రోజుల్లో వండేయండి. నట్స్‌ను గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, ముఖ్యంగా వాల్‌నట్స్‌ను. డబ్బా మూత తీయగానే పాత నూనె వాసన కొట్టినా, గింజ కొరికితే చేదుగా తగిలినా, బూజు కనిపించినా ఏరుకుని తినే ప్రయత్నం చేయకండి. బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, వేయించినా అది పూర్తిగా పోదు. డబ్బా మొత్తం పారేయాల్సిందే.